తలుపు దగ్గర అడిగిన మాట

1970 వేసవిలో మా అమ్మ కొత్త కోడలిగా మా ఇంటి గడప ముందు నిలబడింది. అప్పటికి ఆమెకు పదిహేడేళ్ళు. నాన్న అక్క, అంటే నాకు మేనత్త, తలుపుకు అడ్డంగా నిలబడింది. చంకలో మూడేళ్ళ కొడుకు. ముందు ఇద్దరి చేతా పేర్లు చెప్పించింది. ఆ తరువాత అసలు మాట అడిగింది: "ఏమ్మా, నీకు ఆడపిల్ల పుడితే మా వాడికి ఇస్తావా?" చుట్టూ నవ్వులు. అమ్మ తల వంచుకునే ఊపింది. తలుపు తెరుచుకుంది.

నేను పుట్టింది మరో మూడేళ్ళకు. నా పెళ్ళి మాట మాత్రం నాకంటే ముందే ఆ ఇంట్లో పుట్టింది.

తెలుగు పెళ్ళిళ్ళలో ఈ ముచ్చట చూడనివారు తక్కువ. అది ఆడపడుచు సరదా అని అందరూ అంటారు. మా ఇంట్లో అది సరదాగా ఆగలేదు. సంక్రాంతికి అత్తయ్య వస్తే నాకు గాజులు తెచ్చేది, తమ్ముడికి మిఠాయి తెచ్చేది. ఊళ్ళో ఎవరైనా ఎదురైతే "మీ కోడలు పొడుగు సాగింది" అని ఆమెతో అనేవారు. ఆరేళ్ళ వయసులో బావ తిన్న కంచం తీయమంటే పరుగెత్తి తీశాను. పన్నెండేళ్ళకు అతను వీధి మలుపులో కనిపిస్తే చాలు, లోపలికి వెళ్ళి తలుపు చాటున నిలబడేదాన్ని. ఆ సిగ్గు నాకు ఎవరు నేర్పారు? కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో వాళ్ళ నవ్వులు, చూపులు, "బావ వచ్చాడే" అన్న మాటలోని సాగదీత నేర్పాయి. అది నా మనసులో నుంచి పుట్టిందనే చాలా కాలం నమ్మాను.

నేను చెప్పదలచుకున్నది ఇదే. సమాజం నియమాలను ధర్మశాస్త్రాలు, చట్టసభలు, న్యాయస్థానాలు తయారు చేస్తాయని అనుకుంటాం. అవి నియమానికి ముద్ర వేస్తాయి. నియమం తయారయ్యేది ఇంట్లో. ఇల్లు మనకు ఏది చేయాలో చెప్పి ఊరుకోదు, ఏది కోరుకోవాలో కూడా నేర్పుతుంది. అలా నేర్చుకున్న కోరికను మనం "నా ఇష్టం" అని పిలుస్తాం.

తెలుగు భాషే ఇందుకు సాక్ష్యం. అత్త అంటే నాన్న అక్కచెల్లెలు, మామ భార్య, భర్త తల్లి కూడా. మామ అంటే అమ్మ అన్నదమ్ముడు, భర్త తండ్రి కూడా. అక్కచెల్లెలి కొడుకు అన్నదమ్ముడికి మేనల్లుడు, అందులో అల్లుడు ఉన్నాడు. అన్నదమ్ముడి కూతురు అక్కచెల్లెలికి మేనకోడలు, అందులో కోడలు ఉంది. నాన్న అన్నదమ్ముల పిల్లలు మాత్రం అన్నలు, అక్కలు, తమ్ముళ్ళు, చెల్లెళ్ళు. వారితో పెళ్ళి అన్న ఊహకే ఒళ్ళు జలదరిస్తుంది. జీవశాస్త్రం లెక్కలో పెదనాన్న కొడుకు ఎంత దగ్గరో మేనత్త కొడుకూ అంతే దగ్గర. ఒకరిని చూస్తే అన్న అనిపించడం, మరొకరిని చూస్తే సిగ్గు పుట్టడం రక్తం చేసిన పని కాదు, వరస చేసిన పని. బడికి వెళ్ళకముందే, మాటలు నేర్చుకునే వయసులోనే, ఎవరిని కోరుకోవచ్చో ఎవరిని కోరుకోకూడదో పిలుపుతో పాటు నాలుక మీదికి ఎక్కుతుంది.

ఈ వరస చాలా పాతది. మూడో శతాబ్దంలో కృష్ణా తీరాన విజయపురి నుంచి ఏలిన ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడు తన మేనత్త హమ్మసిరి కూతుళ్ళు బాపిసిరి, ఛఠిసిరిలను పెళ్ళాడాడు. నాగార్జునకొండ శాసనాల్లో ఆ స్త్రీల పేర్లు, వారి దానాలు ఉన్నాయి. అంతకు ముందు కాలానిదైన బౌధాయన ధర్మసూత్రం దక్షిణాది వారి ప్రత్యేక ఆచారాలను చెబుతూ భార్యతో కలిసి భోజనం చేయడం, చద్దన్నం తినడం వంటి వాటి పక్కనే మేనమామ కూతురినీ మేనత్త కూతురినీ పెళ్ళాడటాన్ని పేర్కొంది. ఏ దేశపు ఆచారం ఆ దేశానికి ప్రమాణమా కాదా అన్న చర్చ కూడా ఆ సందర్భంలోనే వస్తుంది. 1955 హిందూ వివాహ చట్టానికి వచ్చేసరికి మేనమామ, మేనకోడలు మధ్య పెళ్ళినీ, అన్నాచెల్లెళ్ళ పిల్లల మధ్య పెళ్ళినీ నిషిద్ధ సంబంధాల జాబితాలో చేర్చారు. వెంటనే ఒక మినహాయింపు కూడా రాశారు: ఇరుపక్షాల ఆచారం ఒప్పుకుంటే అడ్డు లేదని. సూత్రకారుడూ, ఇన్ని శతాబ్దాల తరువాత పార్లమెంటూ ఒకే గడప దగ్గర ఆగాయి. ఇల్లు ఒప్పుకున్నదాన్ని పట్టించుకోకుండా దాటిపోవడం ఇద్దరికీ సాధ్యపడలేదు.

మరి ఇల్లు ఎందుకు ఒప్పుకుంది? పొలం బయటికి పోకూడదని అంటారు. నిజమే, కానీ అది సగమే. మా గోదావరి పల్లెల్లో ఆడపిల్లకు పసుపు కుంకుమ కింద ఎకరమో అరెకరమో రాసివ్వడం కలిగిన ఇళ్ళలో ఉండేది. మా అత్తయ్యకు ఎకరం ఇచ్చారు. ఆ ఎకరం వెళ్ళిన ఇంటికే తరువాతి తరం పిల్ల వెళితే గట్టు మారదు, నీటి తగాదా రాదు. కట్నం మాట కూడా మెత్తబడుతుంది, సొంత తమ్ముడి దగ్గర అక్క బేరం ఆడలేదు కదా. దక్షిణాదిలో దగ్గరి బంధువుల్లో, దగ్గరి ఊళ్ళలో పెళ్ళిళ్ళు జరగడం వల్ల ఆడపిల్లకు భూమి ఇవ్వడానికి ఉత్తరాదిలో ఉన్నంత వ్యతిరేకత ఉండదని ఆర్థికవేత్త బీనా అగర్వాల్ వాదించారు. సొంత ఊళ్ళోనూ దగ్గరి చుట్టాల్లోనూ పిల్లనివ్వకూడదనే ఆచారం ఉత్తరాదిలో విస్తారంగా ఉంది. అక్కడ కోడలు ఎవరినీ ఎరగని ఊరికి పరాయిదానిగా వెళుతుంది. బంధుత్వ పద్ధతుల్లోని ఈ తేడాకూ స్త్రీల స్వేచ్ఛకూ, జననాల రేటుకూ, శిశు మరణాలకూ సంబంధం ఉందని 1983లో టిమ్ డైసన్, మిక్ మూర్ అనే పరిశోధకులు రాశారు.

ఈ వాదంలో నిజం ఉందని నాకు మా నాయనమ్మను చూసి తెలుసు. ఆమెది మేనత్త కొడుకుతో పెళ్ళి. అత్తగారింట్లో మొదటి రోజు నుంచే వంటింటి డబ్బాల్లో ఏది ఎక్కడుందో ఆమెకు తెలుసు. నెలసరి నొప్పి వస్తే చెప్పుకోగలిగింది, ఆకలేస్తే అడిగి తినగలిగింది. ఆ కాలపు కొత్త కోడళ్ళలో ఎంతమందికి ఆ భాగ్యం ఉండేది? మేనరికాన్ని మూఢాచారం అని ఒక్క మాటలో కొట్టిపారేసేవాళ్ళు ఈ భద్రతను లెక్కలోకి తీసుకోరు. తన కూతురు దెబ్బలు తినకుండా, పస్తు ఉండకుండా బతకాలని ఒక తల్లి వెతుక్కున్న దారి అది. చట్టమూ పోలీసూ అందని చోట బంధుత్వమే ఆమెకు దొరికిన పూచీ.

అయితే అదే ఇంట్లో నాయనమ్మ చెల్లెలి కథ ఉంది. ఆమెను సొంత మేనమామకే ఇచ్చారు. పద్నాలుగేళ్ళ తేడా. ఆయన చేయి చేసుకునేవాడు. ఆమె ఎవరితో చెప్పుకోవాలి? కొట్టినవాడు అమ్మకు తమ్ముడు. అత్తగారు అమ్మమ్మ. పుట్టింటికి వెళదామంటే అత్తిల్లు, పుట్టిల్లు అన్న తేడాయే లేకుండా పోయింది. పరాయి ఇంట్లో ఇచ్చిన పిల్ల ఏడుస్తూ వస్తే తండ్రి కనీసం నలుగురు పెద్దలను వెంటబెట్టుకుని వెళతాడు. ఇక్కడ ఆ నలుగురూ ఇంట్లోవాళ్ళే. ఎండను ఆపే కప్పే కేకను కూడా బయటికి పోనివ్వలేదు. ఆమెకు నలుగురు పిల్లలు పుడితే ఇద్దరికి పుట్టుకతోనే వినికిడి లేదు, మాట రాలేదు. దానికి పూర్వజన్మ కర్మ అని పేరు పెట్టారు.

ఆ పేరు తప్పని చెప్పగలిగినవాళ్ళు అప్పటికే ఉన్నారు. ప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త హాల్డేన్ 1957లో భారతదేశానికి వచ్చాక ఆయన దగ్గర చేరిన తెలుగు పరిశోధకుడు ద్రోణంరాజు కృష్ణారావు ఆంధ్రలోని దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళ మీద లెక్కలు తీసి 1960 దశకంలో ప్రచురించారు. విషయం కష్టమైనదేమీ కాదు. బావామరదళ్ళ మధ్య సగటున ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి, మేనమామకూ మేనకోడలికీ మధ్య నాలుగో వంతు. ఒక లోపం తాలూకు జన్యువు తల్లిదండ్రులిద్దరిలోనూ దాగి ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు ఆ లోపం రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుంది. దగ్గరి రక్తంలో అలా ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉండటం తేలిక. ఒక్క బావామరదళ్ళ పెళ్ళిని చూస్తే ముప్పు పెరిగేది సుమారు రెండు మూడు శాతమే. అందుకే పది ఇళ్ళు చూసినవాళ్ళు "మా వాళ్ళందరూ బాగానే ఉన్నారు" అంటారు, అబద్ధం కూడా చెప్పరు. తరం తరువాత తరం అదే రెండు ఇళ్ళ మధ్య పిల్లలను ఇచ్చి పుచ్చుకుంటే ఆ లెక్క పెరుగుతూ పోతుంది.

1993లో నాకు ఇరవై ఏళ్ళు. ముహూర్తాలు చూస్తామన్నారు. నేను వద్దన్నాను.

ఎందుకు వద్దన్నానో ఇప్పుడు నిజం చెప్పాలి. డిగ్రీలో జంతుశాస్త్రం చదువుతున్నాను కాబట్టి జన్యువుల మాట ఎత్తాను. నాన్నను పట్నంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాను, నాయనమ్మ చెల్లెలి పిల్లల సంగతి ఆయనతో చెప్పించాను. నాన్న మెత్తబడ్డాడు. కానీ నా అసలు కారణం అది కాదు. బావ చెడ్డవాడు కాదు, నాకు అతని మీద కోపమూ లేదు. నన్ను ఎవరూ అడగలేదన్నదే నా బాధ. ఆ మాట ఇంట్లో చెల్లదని నాకు తెలుసు. "నాకు ఇష్టం లేదు" అంటే పొగరు అవుతుంది, "పిల్లలకు మంచిది కాదట" అంటే వివేకం అవుతుంది. ప్రతి ఇంట్లోనూ చెల్లుబాటయ్యే కారణాలు కొన్ని ఉంటాయి, చెల్లనివి కొన్ని ఉంటాయి. తన గురించి మాట్లాడే ఆడపిల్ల మాట చెల్లదు, పుట్టబోయే బిడ్డ గురించి మాట్లాడితే చెల్లుతుంది. ఇంటి నియమాన్ని కాదనడానికి ఇల్లు ఒప్పుకునే మాటనే అరువు తెచ్చుకున్నాను. మేనరికాలు వైద్యం వల్ల తగ్గాయని రాసేవాళ్ళను చూసినప్పుడు నాకు ఒక అనుమానం కలుగుతుంది. ఆ వైద్యుడి మాట వెనక నిలబడి తమ మాట చెప్పుకున్న అమ్మాయిలు ఎంతమందో.

అత్తయ్య పదకొండేళ్ళు మా గడప తొక్కలేదు. మాట తప్పింది నేను కాదు, ఆమె దృష్టిలో మా అమ్మ. 1970లో తల ఊపిన పదిహేడేళ్ళ పిల్లను ఆమె క్షమించలేదు. నాన్నకు రాఖీ రాలేదు, కార్తీక మాసంలో వచ్చే పిండివంటలు రాలేదు. నాన్న అడగలేదు, అమ్మ ఏడ్చింది. 2004లో అమ్మకు పెద్ద శస్త్రచికిత్స జరిగినప్పుడు అత్తయ్య సంచి పట్టుకుని వచ్చి నెల రోజులు ఉంది. పాత మాట ఎత్తలేదు. ఆ నెలలోనే ఒక సాయంత్రం తల్లిని చూడటానికి వచ్చిన బావ వరండాలో కూర్చుని అన్నాడు: "నన్ను కూడా ఎవరూ అడగలేదు." అతను 1994లో బయటి సంబంధం చేసుకున్నాడు. సుఖంగా ఉన్నాడు. నేను కాదనడం అతనికి కూడా తలుపు తీసిందని నాకు పదకొండేళ్ళ తరువాత తెలిసింది.

ఇప్పటికీ మేనరికం పోలేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు నాలుగో వంతు మంది రక్తసంబంధీకులనే చేసుకున్నారు. కానీ మా బంధువుల్లో నా తరువాతి తరంలో ఒక్కటీ లేదు. అందరూ జ్ఞానోదయం పొందారని నేను అనుకోను. లెక్క కుదరడం మానేసింది.

మేనమామ పెళ్ళి సాధ్యపడాలంటే తల్లి పెద్ద కూతురికీ అమ్మమ్మ చివరి కొడుక్కీ వయసు కలవాలి. మా ముత్తమ్మమ్మల కాలంలో ఆడవాళ్ళు పదహారో ఏట మొదలుపెట్టి నలభై దాకా కనేవారు. పెద్ద కూతురి పురుడూ తల్లి చివరి పురుడూ ఒకే ఏడాది, ఒకే గదిలో జరిగిన ఇళ్ళు ఉండేవి. ఇద్దరు పిల్లలు చాలనుకుని మూడేళ్ళలో కాన్పులు ముగించే ఇంట్లో అలాంటి మేనమామ ఎక్కడినుంచి వస్తాడు? బావామరదళ్ళ మాటా అంతే. అన్నకు అక్కచెల్లెలు ఉండాలి, ఒకరికి కొడుకూ మరొకరికి కూతురూ పుట్టాలి, వయసులు కలవాలి, చదువులు కలవాలి. అదే సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో స్త్రీకి సగటున పుట్టే పిల్లలు 1.7. ఒక్కడే కొడుకున్న ఇంట్లో తరువాతి తరానికి మేనత్త లేదు. ఒక్కతే కూతురున్న ఇంట్లో మేనమామ లేడు. రేపటి తెలుగు పిల్లల్లో చాలామందికి ఆ పిలుపులు పిలవడానికి సొంత మనుషులే ఉండరు.

ఇద్దరు పిల్లలకు మించి ఉంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నియమం మన పంచాయతీరాజ్ చట్టంలో 1994లో వచ్చింది. 2024లో ఆంధ్రప్రదేశ్ దాన్ని తీసివేసింది, ఇప్పుడు ఎక్కువ మందిని కనమని నాయకులు చెబుతున్నారు. ఇళ్ళు చట్టానికి భయపడి తగ్గించుకోలేదు, ఆ చట్టం పోయిందని పెంచుకోవు కూడా. చదువు ఖర్చు, అద్దె, పిల్లలను చూసుకునే చేతులు ఎన్ని అన్న లెక్క ఇల్లు తానే వేసుకుంటుంది.

మేనరికం పోయిన చోట మనసు విశాలమైందా? పెళ్ళిళ్ళ పేరయ్యల స్థానంలో వచ్చిన సంస్థల పత్రాలు చూడండి. కులం, శాఖ, జిల్లా, ఎకరాలు, అమెరికాలో వీసా. పదేళ్ళుగా కొత్తగా వింటున్న మాట ఒకటి ఉంది: "ఒక్కతే కూతురు." ఆ మాట పలికేటప్పుడు మధ్యవర్తి గొంతు కాస్త తగ్గుతుంది, కళ్ళు కాస్త పెద్దవవుతాయి. ఆస్తి మొత్తం ఆమెదేనని అర్థం. గట్టు దాటకూడదన్న పాత భయమే వేషం మార్చుకుని వచ్చింది. భద్రత మాత్రం రాలేదు. అత్తయ్య చేతిలో పెట్టడం అన్న ధీమా పోయింది, కట్నం మిగిలింది. మేనరికంలోని చెడు నుంచి ఆడపిల్ల బయటపడింది, అందులోని మంచికి బదులు ఆమెకు ఇంకా ఏదీ దొరకలేదు. నన్ను కలచివేసేది ఇదే.

దొరకవలసినది ఆస్తి. అది కాగితం మీద దొరికింది కూడా. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి పెళ్ళికాని కూతుళ్ళకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు వచ్చింది. దేశమంతటికీ అది 2005లో వచ్చింది. 1985 నాటికి నాకు పన్నెండేళ్ళు. చట్టం నా వైపే ఉంది. 2009లో నాన్న పోయారు. మరుసటి ఏడు తమ్ముడు హక్కు విడుదల దస్తావేజు రాయించాడు, నాలుగెకరాలకు. నేను సంతకం చేశాను. ఎవరూ బలవంతపెట్టలేదు. తమ్ముడు మంచివాడు, అమ్మను కళ్ళలో పెట్టుకుని చూశాడు. దస్తావేజులో "నా పూర్తి ఇష్టంతో" అని రాసి ఉంది, అది చదివే సంతకం పెట్టాను.

బావను కాదన్న పిల్లను నేనే. పెళ్ళి విషయంలో ఇంటి కోరికకూ నా కోరికకూ మధ్య తేడాను ఇరవై ఏళ్ళకే పట్టుకున్నదాన్ని. పొలం విషయంలో ముప్పై ఏడేళ్ళకు కూడా పట్టుకోలేకపోయాను. అడిగితే పుట్టిల్లు పోతుందన్న భయం నాలో ఎంత లోతున ఉందంటే అది నాకు భయంలా కనిపించలేదు, ప్రేమలా కనిపించింది. అత్తయ్య పదకొండేళ్ళు రాకపోవడం చూసిన కళ్ళు కదా. గడప మూసుకుంటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. తమ్ముడి మీద ప్రేమ నిజమే, భయమూ నిజమే, రెండూ కలిసి ఒకే సంతకంలోకి వెళ్ళాయి. ఎంతో మంది అక్కచెల్లెళ్ళు రిజిస్ట్రారు ముందు ఇలాగే నవ్వుతూ సంతకం పెట్టి వస్తుంటారు. చట్టం విఫలమైందని అంటే నేను ఒప్పుకోను. అది తలుపు తీసింది. లోపలికి అడుగు పెట్టాలన్న కోరికను మాత్రం ఇల్లే పెంచాలి, మా ఇల్లు పెంచలేదు.

అందుకే నా కూతురి విషయంలో ఒక పని చేశాను. దానికి పద్దెనిమిది నిండిన రోజున మా ఇంటి కాగితాలన్నీ దాని ముందు పరిచి, దేనిలో దాని వాటా ఎంతో చదివించాను. దానికి విసుగు పుట్టింది. ఆ విసుగు చూసి నాకు సంతోషం వేసింది. వాటా అంటే దానికి భయం కాదు, ఒక సాధారణమైన సంగతి.

2023 ఫాల్గుణంలో బావ కొడుకు పెళ్ళి. ఆ అబ్బాయికి తోబుట్టువులు లేరు. కొత్త జంట గడప దగ్గరికి వచ్చాక తలుపు పట్టడానికి ఎవరున్నారని వెతికారు. వరసల లెక్కలో నా కూతురు అతనికి చెల్లెలు. నేను బావను చేసుకుని ఉంటే అతను నా కొడుకు అయ్యేవాడు కదా. నేను కాదన్న పెళ్ళి వరసల్లో మాత్రం జరిగినట్టే ఉంది. నా కూతురిని పిలిచి తలుపుకు అడ్డంగా నిలబెట్టారు. పేర్లు చెప్పించింది. పెళ్ళికూతురు గట్టిగా, స్పష్టంగా భర్త పేరు చెప్పింది. ఫోటోలు తీసే అబ్బాయి "రెండో మాట కూడా అడగమ్మా" అన్నాడు. నా కూతురు వెనక్కి తిరిగి నా వైపు చూసింది. నేను నోరు తెరిచేలోపే, గోడవార కుర్చీలో కూర్చున్న డెబ్బై ఎనిమిదేళ్ళ అత్తయ్య చేయి ఎత్తింది.

"పేర్లు చెప్పారుగా తల్లీ. పిల్లలు అలిసిపోయారు, దారి ఇవ్వు."